నాలుగు గంటల లోపు మారథాన్: మీ మొదటి పది కిలోమీటర్ల లెక్క

మీరు ఇచ్చిన వివరాలు ముందు ఒకచోట పెడతాను. వయసు 39, బరువు 68 కిలోలు. హాఫ్ మారథాన్‌లో మీ అత్యుత్తమ సమయం 1:54. ఆగస్టులో హైదరాబాద్‌లో పరిగెత్తిన ఫుల్ మారథాన్ 4:22. అందులో మొదటి పది కిలోమీటర్లు 53 నిమిషాల్లో, సగం దూరం 1:56లో దాటారు. 32 దగ్గర పిక్కలు పట్టేశాయి, అక్కడి నుంచి నడక, పరుగు, మళ్ళీ నడక. వారానికి నాలుగు రోజులు, మొత్తం 40 కిలోమీటర్ల సాధన. జనవరిలో ముంబైలో నాలుగు గంటల లోపు ముగించాలని మీ కోరిక. అడిగినవి మూడు: ఆదివారం లాంగ్ రన్‌ను 36, 38 కిలోమీటర్లకు పెంచాలా? కార్బన్ ప్లేట్ బూట్లు (అడుగులో కార్బన్ పలక ఉన్నవి) కొనాలా? ఉప్పు మాత్రలు ఎక్కువ వేసుకోవాలా?

మూడింటికీ జవాబు చెబుతాను. కానీ మీ ప్రశ్నలో మీరే రాసి, మీరే పట్టించుకోకుండా దాటేసిన అంకె ఒకటి ఉంది. దానితోనే మొదలుపెట్టాలి.

పది కిలోమీటర్లు 53 నిమిషాల్లో అంటే కిలోమీటరుకు 5:18 (5 నిమిషాల 18 సెకన్లు). మీ హాఫ్ 1:54 అంటే కిలోమీటరుకు 5:24. అంటే మీరు జీవితంలో అతి వేగంగా పరిగెత్తిన 21 కిలోమీటర్ల కంటే కూడా ఎక్కువ వేగంతో 42 కిలోమీటర్ల పరుగును మొదలుపెట్టారు. అదీ ఆగస్టు గాలిలో తేమ తప్ప మరేమీ లేనప్పుడు, ఫ్లైఓవర్లు ఎక్కుతూ దిగుతూ. 32వ కిలోమీటరులో జరిగింది ప్రమాదం కాదు. మొదటి గంటలో చేసిన అప్పుకు అది వసూళ్ల రోజు.

ఇది ఎత్తిపొడుపు అనుకోకండి. నేను ఇదే పనిని వరుసగా మూడు మారథాన్లలో చేశాను. విశాఖపట్నంలో బ్యాంకు ఉద్యోగం చేస్తూ 38వ ఏట పరుగు మొదలుపెట్టాను. మొదటి ఫుల్ 4:51. తర్వాత 4:11, 4:09, 4:14. మూడుసార్లూ సగం దూరానికి రెండు గంటల లోపే, మూడుసార్లూ 30 దాటాక స్తంభాలు పట్టుకుని పిక్కలు సాగదీసుకోవడం. ప్రతిసారీ ఏదో ఒక సాకు దొరికేది: ఎండ, రాత్రి నిద్ర లేకపోవడం, ఎక్స్‌పోలో (పోటీకి ముందు పెట్టే పరుగు సామాన్ల ప్రదర్శనలో) కొని మర్నాడే తొడిగిన కొత్త సాక్సులు. నాలుగోసారి ఒక స్నేహితుడు నా పాత పరుగుల అంకెలన్నీ కాగితం మీద వరుసగా రాసి చూపించేవరకు అసలు విషయం నాకు కనపడలేదు. ఆ తర్వాత 3:52, అక్కడి నుంచి నాలుగేళ్లకు, 47వ ఏట, 3:36. ఈ మధ్యలో నా శరీరం పెద్దగా మారలేదు. మారినవి రెండే: సాధన రోజుల్లో మెల్లగా పరిగెత్తడం, పోటీ రోజున మొదటి అయిదు కిలోమీటర్లలో సిగ్గుపడకుండా వెనకబడడం.

30 దాటాక ఉన్నట్టుండి శక్తి ఇంకిపోవడాన్ని పరిగెత్తేవాళ్లు "గోడ" అంటారు. అది ఎందుకు తగులుతుందో లెక్కలో చూడండి. పరుగుకు ఖర్చయ్యే శక్తిని అంచనా వేయడానికి ఒక మోటు సూత్రం ఉంది: కిలో బరువుకు, కిలోమీటరు దూరానికి దాదాపు ఒక కిలోకేలరీ. మీ 68 కిలోలకు మారథాన్ ఖర్చు 2,800 పైన. కండరాల్లో, కాలేయంలో గ్లైకోజెన్‌గా దాచుకోగలిగిన పిండిపదార్థం మాత్రం రమారమి 2,000 కిలోకేలరీలే. మిగిలినది కొవ్వు నుంచి రావాలి, దారిలో మింగే జెల్ (చిన్న పొట్లంలో వచ్చే చిక్కని తీపి పాకం) నుంచి రావాలి. కొవ్వు నిల్వకు ఎవరికీ కొరత లేదు, బక్కపలచని మనిషికి కూడా. కానీ అది మెల్లగా మండే కట్టె. వేగం పెరిగేకొద్దీ శరీరం కొవ్వును పక్కన పెట్టి గ్లైకోజెన్‌ను తోడుతుంది. కిలోమీటరుకు 5:18తో వెళ్లినప్పుడు మీరు తోడిన తోడుడు వేరు, 5:45తో వెళ్లి ఉంటే తోడేది వేరు. తేడా చూడటానికి 27 సెకన్లే. పైగా మీరు రెండే జెల్‌లు తీసుకున్నారు, మొదటిది 25వ కిలోమీటరులో, "అలసట అనిపించినప్పుడు". అలసట అనిపించాక తీసుకున్న జెల్ బండి ఆగిపోయాక బంకు వెతుక్కోవడం లాంటిది.

ఇప్పుడు సాధన సంగతి. మీ ఆదివారం లాంగ్ రన్‌లు 5:40తో వెళుతున్నానని గర్వంగా రాశారు. నాలుగు గంటల మారథాన్‌కు కావలసిన వేగం 5:41. అంటే ప్రతి ఆదివారం మీరు పోటీ వేగంతోనే 25, 28 కిలోమీటర్లు పరిగెత్తుతున్నారు, సోమవారం, మంగళవారం కాళ్లు ఈడ్చుకుంటున్నారు, వారంలో మిగతా పరుగులు తగ్గించేస్తున్నారు. నలభై కిలోమీటర్లలో ఇరవై ఎనిమిది ఒక్క రోజులోనే పడిపోతే మిగిలిన ఆరు రోజులకూ పన్నెండే. ఇది వారమంతా పస్తులుండి ఆదివారం విందు తినడం.

మెల్లని పరుగు చేసే పనులు పైకి కనపడవు. గుండె ఒక్కో కొట్టుకు ఎక్కువ రక్తం పంపడం నేర్చుకుంటుంది, కండరాల చుట్టూ సూక్ష్మ రక్తనాళాలు పెరుగుతాయి, కొవ్వును మండించే మైటోకాండ్రియా పెరుగుతాయి. స్నాయువులు, ఎముకలు భారానికి అలవాటు పడతాయి, అవి కండరాల కంటే చాలా నిదానంగా గట్టిపడతాయి కాబట్టి వాటికి నెలలు ఇవ్వాలి. వీటికి కావలసింది గంటలు, రొప్పు కాదు. మీ హాఫ్ టైముకు మెల్లని పరుగు అంటే కిలోమీటరుకు 6:30 నుంచి 7:00. పక్కనున్న మనిషితో పూర్తి వాక్యాలు, మధ్యలో ఆగకుండా మాట్లాడగలగాలి. అంతకంటే నమ్మకమైన పరికరం నేనింతవరకు చూడలేదు, చేతికి కట్టుకునే ఖరీదైన గడియారాలతో కలిపి.

ఇది చెప్పినంత తేలిక కాదు. విశాఖ బీచ్ రోడ్డులో కోస్టల్ బ్యాటరీ నుంచి పార్క్ హోటల్ వైపు తెల్లవారుజామున వాహనాలు ఉండవు, ఊరంతా అక్కడే నడుస్తుంది. నేను 7:00తో పరిగెత్తడం మొదలుపెట్టిన వారం ఒక పెద్దాయన నా పక్కనే వేగంగా నడుస్తూ, "ఏం బాబూ, ఒంట్లో బాగాలేదా?" అని పరామర్శించారు. ఆ ప్రశ్నను రెండు నెలలు భరించాను. మీరు కూడా భరించాలి. మరీ ముఖ్యంగా పరుగుల యాప్‌లో మీ వెనక మిత్రులు పెట్టే వ్యాఖ్యలను భరించాలి. కుదరకపోతే ఆ మూడు నెలలు యాప్‌లో వేగం కనపడకుండా దాచేయండి. నేను అదే చేశాను.

ఇప్పుడు అక్టోబరు మొదటి వారం. ముంబై మారథాన్ జనవరి మూడో ఆదివారం. దాదాపు పదిహేను వారాలు. మొదటి మూడు వారాలు వారానికి అయిదు రోజులు, అన్నీ మెల్లగా, మొత్తం 45 దగ్గర. గడియారం మీద మనసు పోతే ఇంట్లో వదిలి వెళ్లండి. నాలుగో వారం నుంచి రెండు రోజులకు పదును పెట్టాలి. ఒకటి వారం మధ్యలో: పదిహేను నిమిషాలు మెల్లగా, ఆపై 5:10 నుంచి 5:15 మధ్య రెండు కిలోమీటర్ల చొప్పున మూడుసార్లు, మధ్యలో రెండేసి నిమిషాల జాగింగ్. దీన్ని థ్రెషోల్డ్ పరుగు అంటారు. ఒకటి రెండు ముక్కలు మాట్లాడగలగాలి కానీ కబుర్లు చెప్పలేని వేగం అది. వారాలు గడిచేకొద్దీ నాలుగుసార్లకు, తర్వాత మూడు కిలోమీటర్ల చొప్పున మూడుసార్లకు పెంచండి. రెండోది ఆదివారం.

ఆదివారమే మారథాన్ తయారయ్యే రోజు కాబట్టి కాస్త ఆగి చెబుతాను. దూరం ప్రతివారం రెండేసి కిలోమీటర్లు పెంచుతూ, ప్రతి నాలుగో వారం వెనక్కి తగ్గాలి. 22, 24, 26, మళ్ళీ 18. ఆ తర్వాత 28, 30, 30, మళ్ళీ 20. చివరి పెద్ద పరుగు పోటీకి మూడు వారాల ముందు, 32. అంతకంటే వద్దు. మీ వేగానికి 38 కిలోమీటర్లంటే నాలుగు గంటలు దాటిపోతుంది. ఆ చివరి గంటలో కండరానికి కలిగే నష్టం ఎక్కువ, కొత్తగా వచ్చే లాభం తక్కువ, తర్వాతి పది రోజుల సాధన గోవింద. ఇది మీ మొదటి ప్రశ్నకు జవాబు.

దూరం పెంచడం కాదు, ఆ దూరంలో ఏం చేస్తారన్నది ముఖ్యం. అక్టోబరులో ఆదివారాలు మొత్తం మెల్లగా. నవంబరు నుంచి ఒక ఆదివారం విడిచి ఒక ఆదివారం చివర్లో పోటీ వేగం చేర్చండి. 26లో చివరి 6 కిలోమీటర్లు 5:40తో. తర్వాత 28లో చివరి 10. డిసెంబరులో ఒకసారి 30లో మధ్యన ఎనిమిదేసి కిలోమీటర్లు రెండుసార్లు పోటీ వేగంతో, వాటి మధ్య రెండు కిలోమీటర్లు మెల్లగా. అలసిన కాళ్లతో 5:40 ఎలా ఉంటుందో కాళ్లకు తెలియాలి. తాజా కాళ్లతో 5:40 అందరికీ వస్తుంది. మీరు హైదరాబాద్‌లో ఉన్నారు కాబట్టి ఒక సౌకర్యం ఉంది: ఆ చివరి భాగాన్ని ఫ్లైఓవర్లు, ఎత్తుపల్లాలు ఉన్న దారిలో పెట్టుకోండి. ముంబైలో తిరుగు దారిలో, 35 దాటాక, పెద్దర్ రోడ్డు ఎక్కుడు ఎదురవుతుంది. కొలిస్తే అది పెద్ద కొండేమీ కాదు. కానీ అది వచ్చే చోటు అలాంటిది. ఎత్తుపల్లాల్లో పెరిగిన మన వాళ్లకు అక్కడ కొంచెం మేలే.

కండరాలకు బలం ఇచ్చే వ్యాయామం వారానికి రెండుసార్లు, ఇరవై నిమిషాలు చాలు. మెట్టు అంచున నిలబడి ఒంటికాలి మీద మడమ పైకెత్తి దించడం, గుంజీలు, ముందుకు అడుగు వేసి కూర్చొని లేవడం. మడమ వ్యాయామం ఒక్కటే చేయగలను అంటే అదొక్కటే చేయండి. మీకు పట్టేసినవి పిక్కలే కదా.

మూడో ప్రశ్నను ఇక్కడే ముగిస్తాను. ఒంట్లో ఉప్పు తగ్గితేనే కండరం పట్టేస్తుందని మనలో గట్టి నమ్మకం. నిజానికి తన అలవాటుకు మించి పనిచేసిన కండరాన్ని అదుపు చేసే నరాల సంకేతాలు గాడి తప్పడమే ప్రధాన కారణమని వాదించే పరిశోధకులు గట్టిగానే ఉన్నారు, నా అనుభవమూ అటే మొగ్గుతుంది. దీనికి ఒక తమాషా సాక్ష్యం ఉంది. అమెరికాలో దోసకాయలు ఊరబెట్టిన పుల్లని ఉప్పునీరు తాగించి చూస్తే, అది ఒంట్లోకి ఇంకేలోపే పట్టు వదిలింది. అంటే ఉప్పు కండరానికి చేరి కాదు, గొంతులో తగిలిన ఘాటు వల్ల నరాలకు ఏదో సంకేతం వెళ్లి. (ఆవకాయ ఊట ప్రయత్నిస్తానని మా పరుగుల బృందంలో ఒకాయన బయలుదేరాడు. వద్దని ఆపాం.) కాబట్టి ఉప్పు మాత్రలు గుప్పెడు మింగితే పిక్కలు బాగుపడవు. బాగా చెమట పట్టి, టీషర్టు మీద తెల్లని చారలు పడే మనిషైతే గంటకొకటి వేసుకోవచ్చు, అదీ లాంగ్ రన్‌లలో అలవాటు చేసుకున్నాకే.

దానికంటే పెద్ద ప్రమాదం నీళ్లు అతిగా తాగడం. 2002 బోస్టన్ మారథాన్ ముగించినవారిలో 488 మంది రక్తాన్ని పరీక్షిస్తే 13 శాతం మందిలో సోడియం ఉండవలసిన దాని కంటే తక్కువగా ఉంది. పరుగులో బరువు పెరిగినవారిలో, అంటే చెమటగా పోయినదానికంటే ఎక్కువ తాగినవారిలో, అది ఎక్కువగా కనిపించింది. నాలుగు గంటలకు పైగా రోడ్డు మీద ఉండేవారే దీనికి ఎక్కువ గురవుతారు, ఎందుకంటే ప్రతి నీళ్ల స్టేషన్ దగ్గరా ఆగి తాగే తీరిక వారికి ఉంటుంది. దాహం వేస్తే తాగండి. చల్లదనం కావాలంటే నెత్తిన పోసుకోండి. పోటీకి ముందు నొప్పి మాత్ర వేసుకునే అలవాటు ఉంటే ఈ రోజే మానేయండి. చెమట పట్టిన శరీరంలో అది మూత్రపిండాల మీద పడుతుంది.

ఇక బూట్లు. కార్బన్ ప్లేట్, మెత్తని మందపాటి నురుగు ఉన్న బూట్లు నిజంగానే శక్తిని కొంత ఆదా చేస్తాయి, అందులో అబద్ధం లేదు. 2017 నుంచి రికార్డులు ఎలా మారాయో చూస్తే తెలుస్తుంది. ప్రపంచ అథ్లెటిక్స్ సంస్థ 2020లో అడుగు మందం 40 మిల్లీమీటర్లు దాటకూడదని హద్దు పెట్టవలసి వచ్చింది. కానీ మీ విషయంలో ఆ బూట్లు ఇవ్వగలిగేది కొన్ని నిమిషాలు, మొదటి పది కిలోమీటర్లు తీసుకుపోయింది ఇరవై నిమిషాలు. డబ్బుంటే కొనండి, రెండు మూడు లాంగ్ రన్‌లలో చివరి భాగం వాటితో పరిగెత్తి పిక్కలకు అలవాటు చేయండి, పోటీకి తొడగండి. లేదంటే మీరు రోజూ వాడే రకంలోనే, 200 కిలోమీటర్ల దాకా పరిగెత్తిన జతను ఉంచుకోండి. మన దేశపు మారథాన్ వీరుడు శివనాథ్ సింగ్ తరచూ ఉత్తి కాళ్లతో పరిగెత్తేవాడు. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్ మారథాన్‌లో 11వ స్థానం. 1978లో జలంధర్‌లో 2:12:00. దశాబ్దాల తరబడి అది మన దేశ రికార్డుగా నిలిచింది. బూట్ల దుకాణంలో ధర చీటీ చూసినప్పుడల్లా నాకు ఆయన గుర్తొస్తాడు.

తిండి విషయంలో మన వాళ్లం అదృష్టవంతులం. పోటీకి ముందు రెండు రోజులు కిలో బరువుకు ఎనిమిది నుంచి పది గ్రాముల పిండిపదార్థం తినమంటారు. మీకు రోజుకు 540 గ్రాములు దాటుతుంది. వండిన అన్నం వంద గ్రాముల్లో ఉండేది 28 గ్రాములే. కాబట్టి ఇంకో ముద్ద ఎక్కువ తిన్నాను అన్నంత మాత్రాన సరిపోదు. మూడు పూటలా అన్నం లేదా ఇడ్లీ, మధ్యలో అరటిపండ్లు, అటుకులు, బెల్లం, పళ్లరసం. ఈ రెండు రోజులూ పప్పు, ఆకుకూరలు, వేపుళ్లు, పచ్చళ్లు బాగా తగ్గించాలి. పీచు, నూనె పొట్టలో చోటు ఆక్రమిస్తాయి, తెల్లవారుజామున ఇబ్బంది పెడతాయి. నేను శుక్ర, శనివారాలు మామూలుగా పెరుగన్నం మీద బతుకుతాను. బరువు ఒక కిలో, కిలోన్నర పెరుగుతుంది. కంగారు పడకండి. గ్లైకోజెన్ తనతో పాటు నీటిని కూడా పట్టి ఉంచుతుంది, పెరిగిన బరువు ఎక్కువగా అదే.

పోటీ ఉదయం 5 గంటలకు మొదలవుతుంది కాబట్టి రెండున్నరకు లేచి తినాలి. ఆ వేళలో హోటల్ వంటగది తెరవదు. బ్రెడ్డు, తేనె, అరటిపండ్లు హైదరాబాద్ నుంచే సంచిలో పెట్టుకెళ్లండి, లేదా కెటిల్ వేడినీళ్లలో నానే అటుకులు. నవంబరు, డిసెంబరు లాంగ్ రన్‌లకు ముందు కూడా సరిగ్గా అదే తిండి, అదే వ్యవధిలో తినాలి. జెల్‌లు 25 గ్రాముల పిండిపదార్థం ఉన్నవి ఏడు తీసుకెళ్లండి. మొదటిది 30వ నిమిషంలో, అక్కడి నుంచి ప్రతి అరగంటకు ఒకటి, నీళ్లతో. ఆకలి, అలసట ఏమీ లేకపోయినా సరే. ఇలా గంటకు 50 గ్రాములు పడుతుంది. మీ కడుపు మొదట్లో ఒప్పుకోదు. రెండు నెలలు ఆదివారాలు నేర్పితే ఒప్పుకుంటుంది. జెల్ రుచి భరించలేనివారు ఖర్జూరంతో సరిపెట్టుకోవడం చూశాను, నాకు మాత్రం పరిగెత్తుతూ నమలడం చేతకాలేదు.

చివరి రెండున్నర వారాలు టేపర్. దూరాన్ని మొదట మూడింట రెండు వంతులకు, చివరి వారం మూడో వంతుకు తగ్గించాలి, కానీ అప్పుడప్పుడు పోటీ వేగంతో రెండు మూడు కిలోమీటర్లు ఉండాలి. ఆ వారాల్లో లేని నొప్పులన్నీ వస్తాయి. మోకాలు, చీలమండ, గొంతు. అందరికీ వస్తాయి. నిద్ర పోటీ ముందు రాత్రి పట్టదు, కాబట్టి శుక్రవారం రాత్రి నిద్ర మీద శ్రద్ధ పెట్టండి. శనివారం ఎక్స్‌పోలో మూడు గంటలు తిరగకండి. బిబ్ (ఛాతీకి పెట్టుకునే నంబరు చీటీ) తీసుకుని బయటపడండి.

ఇప్పుడు పోటీ రోజు అంకెలు. నాలుగు గంటలకు సగటు 5:41. కానీ గడియారం చూపే 5:41ను నమ్మితే మోసపోతారు. అధికారిక దూరాన్ని మలుపుల్లో అతి దగ్గరి దారి వెంట కొలుస్తారు, మనం జనాన్ని తప్పించుకుంటూ పాములా పోతాం. ముగింపు దగ్గర గడియారం 42.5, 42.6 చూపడం మామూలే. కాబట్టి రోడ్డు పక్కన ఉన్న కిలోమీటరు బోర్డు దగ్గర గడియారంలో ల్యాప్ మీటను మీరే నొక్కండి.

మొదటి అయిదు కిలోమీటర్లు 5:48 చొప్పున. అది మీకు నడకలా అనిపిస్తుంది, వందల మంది మిమ్మల్ని దాటుకుపోతారు. పోనివ్వండి, వారిలో చాలామంది 33 దగ్గర మళ్ళీ కనపడతారు. ఆరో కిలోమీటరు నుంచి 35 వరకు 5:38. ఇలా వెళితే సగం దూరం సుమారు 1:59:40కు వస్తుంది, 35 కిలోమీటర్లు 3:18కి. మిగిలిన 7.195 కిలోమీటర్లకు మీ చేతిలో 42 నిమిషాలు ఉంటాయి, అంటే కిలోమీటరుకు 5:50. పెద్దర్ రోడ్డు ఎక్కడంలో అయిదారు సెకన్లు పోయినా సరిపోయేలా లెక్క వేశాను. సగం దగ్గర గడియారం 1:57 చూపిస్తే సంతోషించకండి, అది ఆగస్టు కథే. 2023లో చికాగోలో 2:00:35తో అప్పటి ప్రపంచ రికార్డు సృష్టించిన కెల్విన్ కిప్టుమ్ మొదటి సగం 60:48లో, రెండో సగం 59:47లో పరిగెత్తాడు. మనం అతన్ని అనుకరించలేం. కానీ రెండో సగానికి సరిపడా దాచుకోవడం అన్నది మన వేగంలో కూడా కుదిరే పని.

నాలుగు గంటల పేసర్, అంటే సరిగ్గా ఆ సమయానికి ముగించేలా జెండా పట్టుకుని పరిగెత్తే మనిషి, వెంట వెళ్లవచ్చా అని మీరు అడగలేదు కానీ అడుగుతారు. వెళ్లవచ్చు, అయిదు కిలోమీటర్ల తర్వాత. కొందరు పేసర్లు ముందే నిమిషం, రెండు నిమిషాలు మిగుల్చుకుందామని వేగంగా మొదలుపెడతారు. ఒకసారి అలాంటి గుంపులో చిక్కుకుని పన్నెండు కిలోమీటర్లు నా లెక్క వదిలేసి వాళ్ల లెక్కలో పరిగెత్తాను, అదే నా 4:14.

వాతావరణం గురించి ఒక మాట. నా విషయంలో ఒకే స్థాయి తయారీతో వేడి, తేమ ఉన్న పరుగుకూ చల్లని పరుగుకూ పన్నెండు, పదిహేను నిమిషాల తేడా వచ్చింది. కాబట్టి హైదరాబాద్ 4:22ను మీ సామర్థ్యానికి కొలమానంగా తీసుకోకండి. అలాగని ముంబై కూడా చల్లని ఊరేమీ కాదు. జనవరిలో ఏడుంబావు ప్రాంతంలో సూర్యోదయం, మీరు చివరి గంటా ముప్పావు ఎండలోనే ఉంటారు. మీకు కావలసింది ముంబై అనుభవం కాకుండా కేవలం అంకె అయితే ఫిబ్రవరిలో ఢిల్లీ మేలు. సమతలం, చల్లదనం. నా 3:36 అక్కడిదే. కానీ ముంబైలో దారి పొడవునా నిలబడి బిస్కెట్లు, నారింజ తొనలు అందించే జనం ఉంటారు. పెద్దర్ రోడ్డు మీద మీ పేరు చూసి ముక్కూ మొహం తెలియని ఒక పెద్దావిడ అరిచి పిలిస్తే కాలు కదలకుండా ఉండదు. ఏది కావాలో మీరే తేల్చుకోండి.

ఛాతీలో నొప్పి, కళ్లు తిరగడం, ఇంట్లో చిన్న వయసులోనే గుండె జబ్బు వచ్చినవారు ఉండటం, వీటిలో ఏదైనా ఉంటే ఇవన్నీ మొదలుపెట్టకముందే వైద్యుణ్ణి కలవండి.

ఇంత చెప్పాక అసలు అనుమానం: మీకు నాలుగు గంటలు సాధ్యమా? పీటర్ రీగెల్ అనే ఇంజనీరు 1970లలో ఇచ్చిన సూత్రం ఒకటి ఉంది. దాని ప్రకారం హాఫ్ సమయాన్ని 2.085తో గుణిస్తే ఫుల్ అంచనా. మీ 1:54కు అది 3:57 చిల్లర. కాగితం మీద సాధ్యమే. కానీ వారానికి తక్కువ దూరం పరిగెత్తేవారి విషయంలో ఆ సూత్రం ఉదారంగా ఉంటుంది, నలభై కిలోమీటర్ల మనిషికి పది, పదిహేను నిమిషాలు కలుపుకోవాలి. అందుకే వారానికి 60, 65 వరకు, నొప్పులు రాకుండా, వెళ్లమంటున్నాను. డిసెంబరు రెండో వారంలో ఎక్కడైనా ఒక హాఫ్ పరుగు చూసుకుని పూర్తి వేగంతో పరిగెత్తండి. ఆ ఆదివారం లాంగ్ రన్ ఉండదు. 1:52 లోపు వస్తే పైన రాసిన అంకెలన్నీ యథాతథంగా వాడుకోండి. 1:52కూ 1:55కూ మధ్య వస్తే, పోటీ రోజు చల్లగా ఉంటేనే నాలుగు గంటలకు ప్రయత్నించండి. దాటితే మొదటి అయిదు 6:02, ఆపై 5:53తో, 4:10కి. అదైనా ఇప్పటికంటే పన్నెండు నిమిషాలు మెరుగు, పైగా చివరి పది కిలోమీటర్లు నడవకుండా. హాఫ్ అయ్యాక టైముతో పాటు ప్రతి అయిదు కిలోమీటర్ల విడి అంకెలు కూడా రాయండి. నేను ముందు చూసేది మొదటి అయిదే.